నీళ్ల జాడ చూసిన శెట్టెమ్మ

పోయిన నెల ఓర్వకల్లు దగ్గర సోలార్ ప్లాంటులో పని చేస్తుండగా ఫోను మోగింది. చేతి తొడుగు విప్పి జేబులోంచి తీసేలోపల ఆగిపోయింది. మళ్లీ మోగింది. శెట్టెమ్మ కోడలు.

"అన్నా, అత్తమ్మ పొద్దున పోయిందన్నా. ఆస్పత్రి నుంచి ఇంటికి తీస్కపోతాండాం" అంది.

ఆ గొంతులో ఏడుపు లేదు. రెండేండ్లుగా వారానికి మూడుసార్లు అత్తను డయాలిసిస్ కోసం వేంపల్లె నుంచి కడపకు తిప్పిన మనిషి ఆ అమ్మాయి. ఏడవడానికి కూడా ఓపిక మిగలలేదేమో. నేనూ ఏడవలేదు. "వస్తాండానమ్మా" అని మాత్రం అన్నాను.

సెలవు అడగడానికి సూపర్‌వైజరు దగ్గరికి పోయాను. కుర్రవాడు, మంచివాడు. "ఆమె మీకు ఏమవుతుంది?" అని అడిగాడు. బంధువు కాదు. మా కులం కాదు, మా ఊరు కూడా కాదు.

"పని నేర్పిన మనిషి సార్" అన్నాను.

"మేస్త్రీనా?"

"కాదు సార్. అంగడామె."

అతనికి ఏమీ అర్థమైనట్టు లేదు. సెలవు మాత్రం ఇచ్చాడు. నంద్యాల బస్సు కోసం రోడ్డు పక్కన నిలబడినప్పుడు, ఆ ప్రశ్నకు సరైన జవాబు చెప్పలేకపోయానే అని అనిపించింది. అలా అనిపించే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. నేను రాసేవాణ్ని కాదు, వైర్లు కలిపేవాణ్ని. తప్పులుంటే మన్నించండి.

వేంపల్లె బజారులో కరెంటు సామాన్లు, మోటారు సామాన్లు అమ్మే అంగడి ఆమెది. చుట్టుపక్కల రైతులందరికీ ఆమె శెట్టెమ్మే. పేరు ఉండే ఉంటుంది, అంగడి బోర్డు మీద మాత్రం భర్త పేరే ఉండేది. ఆయనకు నడివయసులోనే పక్షవాతం వచ్చి మంచాన పడితే, అంతవరకూ వంటింట్లో ఉన్న మనిషి వచ్చి గల్లాపెట్టె ముందు కూర్చుంది. అప్పటికి ఆమెకు స్టార్టరంటే ఏమిటో, ఫీజు కట్టంటే ఏమిటో తెలియదు. అడిగి నేర్చుకుంది. అడగడానికి సిగ్గుపడేది కాదు.

ఆమెకు ఒక అలవాటు ఉండేది. రైతు ఎవరైనా బోరు మోటారును ఆడించి ఆపే స్టార్టర్ డబ్బా కాలిపోయిందని తెచ్చి కొత్తది ఇమ్మంటే, వెంటనే ఇచ్చేది కాదు. పాతదాన్ని బల్ల మీద పెట్టి, స్క్రూడ్రైవరుతో తానే మూత విప్పి చూసేది. "కాలిందంటే శాలదప్పా, ఎందుకు కాలిందో అది జెప్పల్ల" అనేది. అలా ఏండ్ల తరబడి చూసీ చూసీ ఒక సంగతి కనిపెట్టింది. కాలిన డబ్బాల్లో సగానికి పైగా లోపల ఒక తుప్పు గీత ఉండేది. సన్నగా, ఎర్రగా, వైర్ల పైపు దూరిన రంధ్రం దగ్గర మొదలై, లోపలి గోడ వెంబడి జారి, వైర్లు బిగించిన చోటికి వచ్చి ఆగేది. ఆ గీత మీద వేలు పెట్టి పై నుంచి కిందికి జరుపుతూ, "ఇదోప్పా, ఇట్ల వచ్చినాయి నీళ్లు" అని రైతుకు చూపించేది.

మా సీమలో నీళ్లు చూసేవాళ్లంటే బోరుకు పాయింటు పెట్టేవాళ్లు. అరచేతిలో టెంకాయ నిలబెట్టుకొని చేనంతా తిరుగుతారు. శెట్టెమ్మ కూడా నీళ్లే చూసేది. ఉండకూడని చోట ఉన్న నీళ్లు.

నిజానికి ఈ పని గురించి మాట్లాడితే మా వైపు జనం నవ్వుతారు. మొగులు పడుతుందేమోనని పైకి చూసీ చూసీ మెడలు పట్టేసిన సీమ మాది. ఇక్కడ డబ్బాలోకి వాన పోతుందని ఎవరు భయపడతారు? నేనూ అలాగే నవ్వినవాణ్నే. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కింద ఆరేండ్లు కరెంటు పని చేసి, ఆ కాంట్రాక్టు పోయాక సొంత ఊరికి వచ్చాను. అప్పుడే చీనీ తోటలు, అంటే బత్తాయి తోటలు, పెరుగుతున్నాయి, ఊరూరా బోర్లు పడుతున్నాయి. బోరు వేసిన ప్రతివాడికీ స్టార్టర్ డబ్బా కావాలి, దాన్ని బిగించే మనిషి కావాలి. శెట్టెమ్మ తన దగ్గర డబ్బా కొన్నవాళ్లకు నా పేరు చెప్పడం మొదలుపెట్టింది. నాకు చేతినిండా పని దొరికింది.

డబ్బాతో పాటు ఆమె నాకు రెండు గ్లాండ్లు ఇచ్చేది. గ్లాండంటే పైపు డబ్బాలోకి దూరేచోట మర తిప్పి బిగించే కట్టు. దాని లోపల రబ్బరు ఉంటుంది. బిగిస్తే ఆ రబ్బరు పైపును పట్టుకొని, సందు లేకుండా మూస్తుంది. దాంతో పాటు ఒక ముద్ద లప్పం. పైపు నోట్లో వైర్ల చుట్టూ ఉండే ఖాళీని దాంతో పూడ్చాలి. లేకపోతే పైపే కాలువై నీళ్లను లోపలికి తెస్తుంది.

"పైపు కింద నుంచి పోవల్ల నాయనా. పై నుంచి బెజ్జం కొట్టొద్దు. లోపలికి పోయేముందు వైరు ఒక్క వంపు కిందికి దిగి మళ్ల పైకి ఎక్కల్ల. నీళ్లకు అడ్డం కట్టేది మనతో అయ్యే పని కాదు. వంపు చూపిస్తే అదే కిందికి పోతాది" అనేది.

నేను తల ఊపేవాణ్ని. చేనికి పోయాక నా పని నాదే. కింద నుంచి బెజ్జం కొట్టాలంటే డబ్బాను స్తంభం మీద నుంచి దించాలి, నేల మీద పడుకొని పని చేయాలి, గంట పడుతుంది. పై నుంచి అయితే పది నిమిషాలు. రోజుకు నాలుగు డబ్బాలు పెట్టాలి, ఎండ చూస్తే నెత్తి పగిలేలా ఉంటుంది. పైన బెజ్జం కొట్టి, పైపు దూర్చి, రెండు వైర్లు బిగించి, బండి ఎక్కేవాణ్ని. గ్లాండ్లు సంచిలో అలాగే ఉండిపోయేవి. మూడేండ్లు సరైన వాన లేదు. నేను పెట్టిన డబ్బాలన్నీ బాగానే పనిచేశాయి. పనివాడినని పేరు కూడా వచ్చింది.

నాలుగో ఏడు మృగశిర కార్తెలో వాన కొట్టింది. రెండు రోజులు ఆగకుండా కురిసింది. ఊర్లలో జనం చెప్పులు విడిచి బురదలో నడిచి సంబరపడ్డారు. మూడో రోజు పొద్దున నేను సామాన్లకని అంగడికి పోయాను. నా వెనకే ఒక రైతు గోనెసంచిలో స్టార్టర్ డబ్బా పట్టుకొని వచ్చాడు. నాకు తెలిసినవాడే. ఏడాది కిందట ఆ డబ్బా పెట్టింది నేనే. అతని ముఖం చూస్తేనే ఏదో జరిగిందని తెలిసింది.

"మా ఇంటామెకు షాకు కొట్టిందమ్మా. మోటారు ఆపుదామని పోయింది. చెయ్యి పెట్టగానే పట్టుకొనింది. నేను కట్టెతో కొట్టి ఇడిపిస్తి" అన్నాడు.

"మనిషి?" అంది శెట్టెమ్మ.

"ఉండాదమ్మా. చెయ్యే కాలింది."

శెట్టెమ్మ డబ్బాను బల్ల మీద పెట్టింది. మూత విప్పింది. ఎప్పటిలాగే వేలు పెట్టి చూసింది. ఈసారి గీత తుప్పుది కాదు, ఇంకా తడిగానే ఉంది. ఆమె వేలు కింద నుంచి పైకి పోయింది. పోయి పోయి పైన నేను కొట్టిన బెజ్జం దగ్గర ఆగింది. పైపు చుట్టూ చిటికెన వేలు పట్టేంత సందు. గ్లాండు లేదు, లప్పం లేదు.

"ఈ డబ్బా ఎవరు పెట్టినారప్పా?" అని అడిగింది.

ఆ రైతు నా వైపు చూశాడు. చూసి, తల దించుకున్నాడు. నన్ను నలుగురిలో చిన్నబుచ్చకూడదని అనుకున్నాడు. అతని భార్య చెయ్యి కాలింది, అయినా అతను నా పేరు చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఆ అంగట్లో ఇంకో ఇద్దరు ముగ్గురు ఉన్నారు. నోరు తెరిచి "నేనే" అనడానికి ఎంతసేపు పడుతుంది? అంతసేపూ నేను వైరు చుట్టలు చూస్తూ నిలబడ్డాను. ఇన్నేండ్ల తర్వాత కూడా ఆ నిలబడటం గుర్తొస్తే ఒళ్లు భారమవుతుంది.

శెట్టెమ్మకు అర్థమైంది. తిట్టలేదు. గల్లాపెట్టెకు తాళం వేసి, మంచంలో ఉన్న భర్తను చూసుకునే పనామెను పిలిచి, "అయ్యకు మజ్జిగ ఇయ్యి, నేనొస్తా" అని చెప్పింది. పట్టపగలు పది గంటలకు అంగడి తలుపు వేసింది. పండగ నాడు కూడా వేయని తలుపు అది.

"బండి తియ్యి నాయనా" అంది.

ఆ రైతు ఇంట్లో అతని భార్య వసారాలో చాప మీద పడుకొని ఉంది. కుడిచెయ్యి మోచేతి దాకా కట్టు. శెట్టెమ్మ పోయి నేల మీద ఆమె పక్కనే కూర్చుంది. నేను వాకిట్లోనే ఆగిపోయాను.

"లోపలికి రా" అంది నన్ను. పోయాను. "కూచో." కూర్చున్నాను. "చూడు."

కట్టు బయట వేళ్ల కొనలు మాత్రం కనిపిస్తున్నాయి. నల్లగా ఉన్నాయి. ఆమె నన్ను చూసి లేవబోయింది. "పోనీలేమ్మా, ఆయప్ప మాత్రం ఏం జేస్తాడు. మా టైము బాగల్యాక" అంది.

"టైము కాదు తల్లీ. బెజ్జం" అంది శెట్టెమ్మ.

అప్పుడు నా నోరు పెగిలింది. "నేనే పెట్టినానక్కా. గ్లాండు పెట్టల్యా. పెట్టాలని తెల్సు, పెట్టల్యా" అన్నాను. ఆమె బాగున్న చేత్తో కొంగు సర్దుకొని, "కాఫీ తాగి పోండి" అంది.

తిరిగి వచ్చేటప్పుడు శెట్టెమ్మ దారిలో ఒక్క మాటే అడిగింది. "ఇట్లాటివి ఇంకా ఎన్ని ఉండాయి?"

అంగడికి వచ్చాక ఒక అట్టపెట్టె చింపి, దాని మీద నా చేత ఊర్ల పేర్లు, రైతుల పేర్లు రాయించింది. గుర్తు తెచ్చుకొని తెచ్చుకొని రాశాను. అరవైకి పైగా తేలాయి. ఆమె ఆ అట్ట తీసుకొని ఒక్కో పేరు మీద వేలు పెట్టి లెక్కపెట్టింది.

"మళ్ల వాన వచ్చేలోపల అన్నీ తిరగల్ల" అంది.

"నేను పోయొస్తాలేమ్మా" అన్నాను.

"నేనూ వస్తా."

ఎందుకని అడిగే ధైర్యం లేకపోయింది. నా మీద నమ్మకం పోయిందనుకున్నాను. పోవడం న్యాయమే.

మర్నాటి నుంచి మొదలైంది. ఆమె తెల్లవారుజామునే లేచి భర్తకు స్నానం చేయించి, అన్నం తినిపించి, అంగడి తాళం వేసి, నా పాత బండి మీద పక్కకు తిరిగి కూర్చునేది. ఒళ్లో గ్లాండ్ల సంచి, లప్పం, ఒక సీసాలో మజ్జిగ. యాభై దాటిన మనిషి. దారులా అవి, కంకర తేలిన బండ్ల బాటలు. వాన వెలిసి మళ్లీ ఎండ మొదలైంది. మా వైపు వాన తర్వాత ఎండ ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. రోజుకు మూడు, మహా అయితే నాలుగు డబ్బాలు. చేన్లకు కరెంటు రోజుకు కొన్ని గంటలే, అది లేని గంటలు చూసుకొని పని చేయాలి. దించాలి, పై బెజ్జానికి రేకు వేసి మూయాలి, కింద కొత్త బెజ్జం కొట్టాలి, గ్లాండు బిగించాలి, లప్పం కూరాలి, ఎర్తు వైరు చూడాలి. చివర అడుగున మేకుతో ఒక సన్న చిల్లు కూడా పెట్టించేది. "ఎంత మూసినా లోపల చెమట పడతాది. అది పోయేదానికి దారి ఉండల్ల" అనేది.

నాకు కష్టం అనిపించింది పని కాదు. ప్రతి చేనులోనూ పని మొదలుపెట్టే ముందు రైతుకు ఒక మాట చెప్పాలని ఆమె పట్టు. "పోయినసారి తప్పు పెట్టినా, మార్చేదానికి వచ్చినా" అని. నేనే చెప్పాలి. ఆమె పక్కన నిలబడి వినేది. మొదటి పది పన్నెండు చోట్లా ఆ మాట నోట్లోంచి వచ్చేది కాదు, ఆమె మీద కోపం వచ్చేది. ఒకాయన "అయితే నీకు పని రాదన్నమాట" అని నలుగురిని పిలిచి మరీ నవ్వాడు. ఇంకొకాయన "బాగా ఆడుతాండే దాన్ని కెలకొద్దు పో" అని గేటు వేసుకున్నాడు. శెట్టెమ్మ ఆ గేటు ముందు రాయి మీద కూర్చుంది. అరగంట కూర్చుంది. ఆయనకే సిగ్గేసి తెరిచాడు.

చాలామంది అన్న మాట ఒకటే. "వాన యాడుండాదమ్మా ఈడ? ఏడాదికి నాలుగు దినాలు గూడా రాదు."

"మనిషి పోయేదానికి ఒక దినం శాలు గదప్పా" అనేది ఆమె. గొంతు పెంచేది కాదు.

గండి వైపు ఒక తోటలో మేము పోయేసరికి డబ్బా మీద తడి చీర ఆరేసి ఉంది. ఇంకో కొసను చీనీ చెట్టుకు కట్టారు. డబ్బా బాగా ఎండలో ఉంటుంది కాబట్టి తొందరగా ఆరుతుందట. ఆ ఇంటి ముసలమ్మ చెప్పింది. కరెంటు పాకుతోందేమోనని నేను టెస్టరు తీసి డబ్బా మూతకు ఆనించాను. వెలిగింది. ఎండలో ఆ చిన్న బల్బు సరిగా కనిపించదు, చేత్తో నీడ పట్టి చూశాను. వెలుగుతూనే ఉంది. పది రోజుల కిందటి వాన తడి లోపల ఇంకా ఆరలేదు. ముసలమ్మ చీర తియ్యడానికి వస్తోంది. శెట్టెమ్మ ఎదురుపోయి ఆమె రెండు భుజాలూ పట్టుకొని ఆపేసింది. "ఏమి తల్లీ, ఏమి" అని ముసలమ్మ అడుగుతూనే ఉంది. శెట్టెమ్మ కరెంటు పోయేదాకా ఆమెను వదల్లేదు.

ఆ తోట తర్వాత నేను ఎవరూ చెప్పకుండానే తప్పు నాదన్న మాట చెప్పడం మొదలుపెట్టాను. ధైర్యం వచ్చి కాదు. అలిసిపోయాను. దాచుకోవడానికి కూడా బలం కావాలి, ఆ బలం అయిపోయింది.

అట్ట మీద ఇంకా మూడు పేర్లు మిగిలి ఉండగా వాన వచ్చింది. మధ్యాహ్నం మూడు గంటలప్పుడు కొండ వెనక నుంచి ఒక్కసారిగా ముసురుకొచ్చింది. మేము ఒక పశువుల కొట్టంలోకి దూరాం. ఆ మూడు డబ్బాలూ ఆ ఊరివే. వాన పడగానే మా రైతు చేసే మొదటి పని మోటారు ఆపడం. తడి కాళ్లతో, తడి చేతులతో డబ్బా దగ్గరికే పోతాడు.

శెట్టెమ్మ కొట్టం గుంజ పట్టుకొని నిలబడింది. అప్పుడు చెప్పింది, నేను అడగకుండానే.

"గ్లాండ్లు నీ చేతికిచ్చినా. పెట్టినావా లేదా అని ఒక్కనాడు గూడా అడగల్యా. అడిగుంటే నువ్వు పెట్టుందువు. నాది గూడా ఉండాది నాయనా దీంట్లో. అందుకే నీతో వస్తాండా."

అప్పటిదాకా నాకు కాపలాగా వస్తోందనుకున్నాను.

"దగ్గరిది యాడ?" అని అడిగింది. రెండు చేన్ల అవతల అని చూపించాను. "దాని కాడ నేనుంటా. నువ్వు ఆ రెండిటికీ పో" అంది. చెప్పులు చేతిలో పట్టుకొని, నల్లరేగడి బురదలో దిగిపోయింది. నేను వద్దనలేదు. అనే టైము లేదు.

మొదటి చేనులో ఎవరూ లేరు, మోటారు ఆగే ఉంది. పక్కింటివాళ్లకు చెప్పి బండి తిప్పాను. రెండో చోట రైతు తలమీద గోనె కప్పుకొని డబ్బా వైపు నడుస్తున్నాడు. బండి కింద పడేసి కేక పెట్టాను. అతను ఆగి, నేను పిచ్చివాణ్నేమో అన్నట్టు చూశాడు. జరిగింది చెప్పాను. అతను డబ్బాకేసి ఒకసారి, తన చేతికేసి ఒకసారి చూసుకొని బురదలోనే కూర్చుండిపోయాడు.

గంట తర్వాత శెట్టెమ్మ ఉన్న చేనికి వచ్చాను. వాన ఇంకా పడుతూనే ఉంది. ఆమె డబ్బాకు నాలుగడుగుల దూరంలో అడ్డంగా నిలబడి ఉంది. నెత్తి మీద నుంచి నీళ్లు కారుతున్నాయి. ఎదురుగా ఆ చేను రైతు కూడా నిలబడి ఉన్నాడు. "కొట్టంలోకి పొమ్మంటే పోదు. ఆయమ్మ నిలబడితే నేనెట్ల పోయేది" అన్నాడు నాతో. మోటారు ఆడుతూనే ఉంది, తడిసిన చేనులోకే మళ్లీ నీళ్లు పోతున్నాయి. "ఆడనీ, నీళ్లే గదా పోయేది" అందట అతనితో. కరెంటు పోయేసరికి సాయంత్రం అయింది. అప్పుడు మూత విప్పాం. అడుగున వేలెడు లోతు నీళ్లు నిలిచి ఉన్నాయి. ముగ్గురం చూశాం.

ఆ రైతు ఇంట్లో వేడినీళ్లు ఇచ్చారు. ఆమె లోటా రెండు చేతులతో పట్టుకొని తాగింది. "సలిగా ఉండాదా అమ్మా?" అని అడిగాను. "సలి గాదప్పా. అలుపు" అంది.

ఆ తర్వాత నాకు పని తగ్గుతుందని అనుకున్నాను. కొన్నాళ్లు తగ్గింది కూడా. మెల్లగా మళ్లీ వచ్చింది. నన్ను చూసి నవ్వినాయనే తన తమ్ముడి బోరుకు నన్ను పిలిపించాడు. ఈ సంగతి శెట్టెమ్మతో చెబితే, "తప్పు ఒప్పుకున్నోని డబ్బా మింద ధైర్యంగా చెయ్యి పెట్టొచ్చని" అని, మళ్లీ తన పనిలో పడింది. ఆ చెయ్యి కాలినామెకు రెండు వేళ్లు మాత్రం సరిగా ముడుచుకోలేదు. అది బాగుపడే సంగతి కాదు. ఏటా తోటలో చీనీకాయలు కోసినప్పుడు ఒక సంచి శెట్టెమ్మకు తెచ్చిచ్చేది. శెట్టెమ్మ వాటిని ఒలుస్తూ ఆ వేళ్లనే చూసేది.

అంగట్లో మాత్రం ఒక మార్పు వచ్చింది. డబ్బా కొన్న రైతును ఆమె ఊరికే పంపేది కాదు. పని అయ్యాక మళ్లీ వచ్చి, పైపు యాడ నుంచి పోయిందో చెప్పి పొమ్మనేది. ఫోన్లు వచ్చాక ఫోటో పంపమనేది. ఫోటో పంపకపోతే తానే ఫోను చేసేది. విసుక్కున్నవాళ్లు ఉన్నారు. పక్క అంగడికి పోయినవాళ్లూ ఉన్నారు. ఆమె ఫోన్లు చేయడం మానలేదు.

భర్త పోయాక, కొడుకు లారీ సామాన్ల వ్యాపారంలో పడ్డాక, కోడలు అంగట్లో కూర్చోవడం మొదలుపెట్టింది. నేను ఓర్వకల్లు పనికి కుదిరాను. ఇక్కడ గ్లాండు లేకుండా ఎవరూ పైపు పెట్టరు. కాగితం మీద రాసి ఉంటుంది, ఇంజనీరు వచ్చి చూస్తాడు. కొత్తగా చేరినవాళ్లకు నేను ఆ కాగితం చదివించను, ఆ ముసలమ్మ చీర సంగతి చెబుతాను.

ఆఖరుసారి ఆమెను చూసింది కడప ఆస్పత్రిలో, వేసవిలో. మంచం మీద చిన్నగా అయిపోయింది. రోజుకు ఇన్నే నీళ్లు తాగాలని డాక్టరు లెక్క పెట్టాడట. నాలుక తడుపుకుంటూ మాట్లాడింది. నా ఫోనులో ప్లాంటు ఫోటోలు చూపించాను. అన్నీ వదిలేసి ఒక డబ్బా ఫోటో దగ్గర ఆపి, రెండు వేళ్లతో పెద్దది చేసి, అడుగు భాగం వెతికింది.

"కింద చిల్లు కనపళ్లేదే" అంది.

"ఉండాదమ్మా. ఫోటోలో రాల్యా."

"పోయి చూడు మళ్ల" అంది. కాసేపు కళ్లు మూసుకొని, "ఎంత మందిని తిప్పించుకుంటి నాయనా" అంది. తన కోడలి గురించో, నా గురించో, ఆ రైతుల గురించో తెలియలేదు. నేను ఆమె పాదాల మీద దుప్పటి సర్ది వచ్చేశాను. ఓర్వకల్లుకు పోగానే ఆ డబ్బా దగ్గరికి పోయి చూశాను. చిల్లు ఉంది.

ఫోను వచ్చిన ఆ రోజు నేను వేంపల్లె చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఇంటి ముందు బజారు నిండా జనం. వ్యాపారస్తులకంటే రైతులే ఎక్కువ. తలగుడ్డలు తీసి చేత్తో పట్టుకొని, ఎవరికివాళ్లు దూరదూరంగా నిలబడ్డారు. వాళ్లలో నాకు తెలియనివాళ్లే చాలామంది. చెయ్యి కాలినామె కూడా వచ్చింది. నన్ను చూసి, "ఆ పొద్దు నా పక్కన నేల మింద కూచుండె గదన్నా ఆయమ్మ" అంది. అంతే అంది. కోడలు నన్ను చూడగానే అప్పుడు ఏడ్చింది. నేను పాడె మోసే నలుగురిలో లేను, ఆ హక్కు నాది కాదు. వెనక నడిచాను.

అదే సాయంత్రం కడప బస్సు ఎక్కాను. మర్నాడు పనికి పోవాలి. ఊరు దాటాక చిన్న తుంపర పడింది. దుమ్ము అణిగేంత వాన, అంతకంటే లేదు. కాసేపటికే ఆగిపోయింది. ముందు ఏదో లారీ అడ్డం పడిందని బస్సు ఆపేశారు. కిటికీ పక్కనే రోడ్డుకు ఆనుకొని ఒక చీనీ తోట ఉంది. గట్టు మీద రాతి స్తంభానికి స్టార్టర్ డబ్బా, వైర్ల పైపు కింద నుంచి లోపలికి పోయింది. అది నేను పెట్టిందో, ఇంకెవరు పెట్టిందో గుర్తు పట్టలేకపోయాను. దాని మీద నుంచి ఇంకా చుక్కలు కారుతున్నాయి.

ఊర్లోకి కరెంటు వచ్చినట్టుంది. తోటలోంచి ఒకతను వచ్చాడు. కాళ్లకు చెప్పులు లేవు, మోకాళ్ల దాకా తడి మట్టి. బీడీ నోట్లో పెట్టుకొని, ఎవరితోనో ఫోనులో మాట్లాడుతూ, డబ్బా వైపు చూడనైనా చూడకుండా తడి చెయ్యి చాచి పచ్చ బటను నొక్కాడు. నీళ్ల పైపు ఒకసారి దగ్గి, నీళ్లు ఉబికాయి. అతను ఆ నీళ్లలో కాళ్లు కడుక్కున్నాడు, ముఖం కడుక్కున్నాడు, ఫోనులో మాట్లాడుతూనే చెట్ల మధ్యలోకి వెళ్లిపోయాడు.